తెలుగు రాష్ట్రాల్లో బాలల ఆరోగ్యం, సామాజిక సమస్యలు

అంగన్‌వాడీ కేంద్రాల్లో ఒక సన్నని పట్టీ ఉంటుంది. దానికి మూడు రంగులు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఆరు నెలలు నిండి అయిదేళ్ళ లోపున్న బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ ఆ పట్టీ చుట్టి, ఏ రంగు దగ్గర ఆగిందో చూస్తారు. చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. 11.5కీ 12.5కీ నడుమ పసుపు. 11.5కు తగ్గితే ఎరుపు. తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నట్టు, డాక్టరుకు చూపించాల్సిందే. బిడ్డ గింజుకోకపోతే అరనిమిషం పని. 'వీడు పుట్టినప్పటినుంచీ సన్నమే, మా వంశమే అంత' అని నానమ్మ కొట్టిపారేసిన పిల్లవాడి జబ్బ ఎరుపులోకి దిగడం టీచరుకు కొత్త సంగతి కాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిల్లల క్షేమం గురించిన మాటను ఈ పట్టీతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇక్కడి పిల్లల కష్టాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు కంటికి కనిపించవు. డొక్కల కరువు నాటి ఎముకల గూళ్ళు లేవు. రేషన్ బియ్యం ఊరూరా అందుతోంది. పోలియో పోయింది, దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చి 27న దేశాన్ని పోలియో రహితమని ప్రకటించారు. మిగిలినవి కొలిచి చూస్తే తప్ప బయటపడనివి: పలచబడిన రక్తం, ఆగిపోయిన ఎత్తు, ఆధార్‌లో ఒకటీ పెళ్ళిపత్రికలో ఒకటీ ఉన్న వయసు, ఎవరికీ చెప్పుకోలేని భయం. కొలత పెట్టిన చోట ఎంతో కొంత పని జరిగింది. పెట్టని చోట సమస్య ఉందని ఒప్పుకోవడానికే ఏళ్ళు పట్టింది.

బాల్యానికి ఎన్ని వయసులు?

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. దాని లెక్కన 18 ఏళ్ళు నిండనివారంతా బాలలే. మన చట్టాలు మాత్రం ఆ 18 ఏళ్ళను ముక్కలుగా కోశాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వారికే వర్తిస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ళ లోపు వారిని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, ఇంటి వృత్తులకూ వినోద రంగానికీ మినహాయింపు ఇచ్చింది; 14 నుంచి 18 ఏళ్ళ వారిని ప్రమాదకరమైన పనులకు మాత్రం దూరంగా ఉంచింది. పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21. అంటే పదిహేనేళ్ళ పిల్ల పెళ్ళికి చిన్నది, నిర్బంధ విద్యకు పెద్దది, పత్తిచేను కూలికి సరిపోయినది. తెలుగు పల్లెల్లో ఆడపిల్లల జీవితాలు దారి తప్పేది ఎక్కువగా ఈ సందులోనే.

చదువు పిల్లల ప్రాథమిక హక్కు అన్న మాటకు మూలమైన కేసుల్లో ఒకటి మన దగ్గరిదే. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ళ దాకా విద్య హక్కేనని తేల్చింది. కేసు నడిచింది ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజుల గురించి కావడం విచిత్రం. అందులోంచి పుట్టిన సూత్రం 2002లో 86వ రాజ్యాంగ సవరణ దాకా వెళ్ళింది.

తిండి, ఎత్తు, ఉప్మా

2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. దీన్ని ఊళ్ళలో గిడసబారడం అంటారు. ఎత్తుకు తగ్గ బరువు లేక చిక్కిపోయిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం, తెలంగాణలో 21.7 శాతం. ఈ అంకెల్లో తెలంగాణది దిగులు పుట్టించే కథ. 2015–16 నాటి సర్వేలో అక్కడ గిడసబారినవారు 28 శాతమే. ఐటీ ఎగుమతులూ తలసరి ఆదాయమూ పెరిగిన ఆ నాలుగైదేళ్ళలోనే పిల్లల ఎత్తు వెనక్కి వెళ్ళింది. డబ్బు ఇంట్లోకి వచ్చినంత తేలిగ్గా బిడ్డ కంచంలోకి రాదు.

మొదటి రెండేళ్ళలో ఏం జరుగుతుందో చూస్తే సంగతి కొంత అర్థమవుతుంది. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. చిక్కగా, పసుపుపచ్చగా ఉండే ఆ పాలను 'చెడు పాలు' అని పిండి పారబోసి, బిడ్డ నాలుక మీద తేనో పంచదార నీళ్ళో వేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. పాత అలవాటుకు కొత్త కారణం తోడైంది. తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తల్లి మత్తు తేరుకుని వార్డులోకి వచ్చేసరికి ఆ గంట దాటిపోతుంది. తెలంగాణలో గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే.

ఆరో నెల అన్నప్రాశన మంచి ఆచారం. వైద్యులు చెప్పేదీ సరిగ్గా ఆ వయసే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ముహూర్తాన పాయసం నాకించి, మళ్ళీ ఎనిమిదో నెల దాకా 'అరగదు' అని పాలతోనే సరిపెట్టే ఇళ్ళున్నాయి. పెట్టడం మొదలుపెట్టినా పలచటి పప్పుకట్టు, చారన్నం. పిల్లల పొట్ట చిన్నది. నీళ్ళతో నిండిపోతే బలమైన ముద్దకు చోటుండదు. దేశం మొత్తం మీద 6 నుంచి 23 నెలల పిల్లల్లో కనీసం సరిపడా తిండి అందుతున్నవారు 11.3 శాతమని సర్వే తేల్చింది. తెలుగు రాష్ట్రాలు అందుకు పెద్ద భిన్నం కావు.

వేళకు అందిన తిండి ఏం చేయగలదో చెప్పే అధ్యయనం హైదరాబాద్ పక్కనే జరిగింది. 1987 నుంచి 1990 దాకా నగరం చుట్టుపక్కల 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్ళ లోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా రవ్వతో ఉప్మా వండి పెట్టారు. పిల్లలకు పెట్టింది తల్లుల వాటాలో సగం. ఇరుగుపొరుగునే ఉన్న మరో 14 పల్లెలకు అప్పటికి ఆ తిండి పెట్టే ఐసీడీఎస్ (అంగన్‌వాడీ) పథకం చేరలేదు. పదిహేనేళ్ళు గడిచాక పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళి, 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చిన ఆ పిల్లలను వెతికి కొలిచారు. ఉప్మా వండిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్‌కు వాళ్ళ ఒళ్ళు మెరుగ్గా స్పందిస్తోంది, రక్తనాళాల బిగుతు తక్కువగా ఉంది. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పద్నాలుగు మిల్లీమీటర్లంటే చిటికెనవేలి గోరంత. అయినా కడుపులో ఉండగా మొదలై బాల్యం దాకా అందిన ఒక గిన్నెడు ఉప్మా, మూతిమీద మీసం మొలిచే వయసులో రక్తపరీక్షలో కనిపించిందంటే చిన్న విషయం కాదు.

ఈ పరిశోధనల్లో భాగమైన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ కేంద్రంగా పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి తార్నాకలో స్థిరపడింది. పిల్లలకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ ద్రావణం నోట్లో వేసే దేశవ్యాప్త పథకం ఈ సంస్థ పరిశోధనల మీదే 1970లో మొదలైంది. రేచీకటితో తడుముకునే పిల్లలు ఒకప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. నేటి వైద్య విద్యార్థుల్లో చాలామంది ఆ కళ్ళను పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటారు.

రక్తం తక్కువ

'పిల్లకు రక్తం తక్కువగా ఉందన్నారు' అన్న మాట వినని ఇల్లుండదు. 6 నుంచి 59 నెలల పిల్లల్లో డెసిలీటరు రక్తానికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఆ లెక్కన తెలంగాణ పిల్లల్లో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం రక్తహీనులు. అంతకుముందు సర్వేలో ఇవి 60.7, 58.6 శాతాలు. తల్లుల వయసు స్త్రీలలోనూ సగానికి పైగా ఇదే స్థితి: ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. బిడ్డ ఇనుము నిల్వలు కడుపులోనే నిండాలి. తల్లి కొట్టు ఖాళీగా ఉంటే బిడ్డ కొట్టు నిండేదెట్లా?

కారణం ఒక్కటి కాదు. పాలిష్ పట్టిన తెల్లన్నంలో ఇనుము అంతంత మాత్రం. గోంగూర, తోటకూర తిన్నా ఆకుకూరల ఇనుమును ఒళ్ళు పట్టుకునేది కొద్దిగానే. పక్కన నిమ్మరసమో ఉసిరికాయో ఉంటే కాస్త నయం, భోజనం కాగానే టీ తాగితే అదీ పోతుంది. చెప్పుల్లేకుండా బయలుకు వెళ్ళే పాదాల్లోంచి కొంకి పురుగులు ఎక్కి, పేగులకు అంటుకుని రక్తం పీలుస్తాయి. అందుకే ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ నులిపురుగుల మందు మింగిస్తారు. 400 మిల్లీగ్రాముల అల్బెండజోల్, రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర. పిల్లలు చాక్లెట్‌లా నమిలేస్తారు. బడిలో అయిదు నుంచి పదేళ్ళ వారికిచ్చే గులాబీరంగు ఐరన్ మాత్రల సంగతి వేరు. అవి నోట్లోకి వెళ్ళేవి కొన్ని, కిటికీలోంచి బయటికి వెళ్ళేవి కొన్ని.

ఈ అంకెల మీద శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదమే ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి కొనను సూదితో గుచ్చి తీసిన చుక్క రక్తాన్ని పరీక్షిస్తారు. చుక్క రావడానికి వేలు పిండితే కణజాలంలోని ద్రవం కలిసి రక్తం ఉన్నదానికన్నా పలచగా కనిపించవచ్చని ఒక వర్గం అభ్యంతరం. 2016–18లో నరం నుంచి రక్తం తీసి చేసిన మరో దేశవ్యాప్త సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో రక్తహీనులు దాదాపు 41 శాతమే తేలారు. ఆరో కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తీసేసి, ఆ పనిని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన వేరే సర్వేకు అప్పగించారు. పద్ధతి మెరుగుపడవచ్చు. కానీ పాత అంకెతో కొత్త అంకెను పోల్చే వీలు మాత్రం పోయింది, ఏ ప్రభుత్వ కాలంలో ఏం జరిగిందో అడిగే వీలూ దానితోపాటే పోయింది.

జవాబుగా వచ్చిన పథకాలకు కొదవ లేదు. ఐసీడీఎస్ 1975 అక్టోబరు 2న మొదలైంది. తెలంగాణలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొట్లం ఇస్తారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పొడి అది. ఒక బిడ్డ పేరున వచ్చిన పొట్లం ఇంట్లో నలుగురు పిల్లల నోట్లోకి వెళ్ళడం సహజం, అది ఎవరి తప్పూ కాదు. బడిలో వండిన మధ్యాహ్న భోజనం సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆదేశం తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. కోడిగుడ్డు, రాగిజావ, వేరుశనగ చిక్కీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరాయి. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతూ వచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో డొక్కా సీతమ్మ పేరు దగ్గర ఆగింది. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పేరుకు పార్టీల రంగు అంటదు.

నీళ్ళు చేసిన చేటు

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ ఒక్కటి మాత్రం కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే సమస్య. దేశంలో దీన్ని మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో. అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లో వైద్యులు వివరంగా నమోదు చేశారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన చోట మొదట పడేది పిల్లల పళ్ళ మీద. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే సుద్దమచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు. వాటిని గారపళ్ళు అంటారు. గార పట్టిన పళ్ళను తోమినా పోవు, ఎందుకంటే మచ్చ పంటి మీద లేదు, పన్ను ఏర్పడటంలోనే ఉంది. ఆ ఊరి పిల్ల నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకునేది, అడ్డం పెట్టుకునే పెళ్ళిచూపుల్లో కూర్చునేది. తర్వాత వంతు ఎముకలది. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్ళు వంకర తిరగడాన్ని నల్గొండ జిల్లాలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే వర్ణించారు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించి తీసేసే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ దాన్ని రూపొందించింది. ఊరి పేరు అలా ఆఫ్రికా దాకా వెళ్ళింది గానీ, ఊరి కష్టం తీరడానికి దశాబ్దాలు పట్టింది. రోజూ పటిక కలిపి, కలియబెట్టి, తేటనీరు వంపే పని పల్లె ఇంట్లో ఎన్నాళ్ళు సాగుతుంది? కృష్ణా నీళ్ళు గొట్టాల్లో వచ్చాకే తేడా కనిపించింది. 2014లో తెలంగాణలో 967 ఆవాసాలు ఫ్లోరైడ్ బాధిత జాబితాలో ఉండేవి. గొట్టాల్లో తాగునీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం తర్వాత 2020 నాటికి ఆ సంఖ్య సున్నా అయిందని కేంద్రం ప్రకటించింది. కొత్త పిల్లల పళ్ళు తెల్లగా వస్తున్నాయి. అప్పటికే వంగిన ఎముకలు సాగవు, పట్టిన గారా పోదు కాబట్టి, ఒకే ఇంట్లో గారపళ్ళ తండ్రినీ తెల్లపళ్ళ కొడుకునూ పక్కపక్కన చూడవచ్చు.

దీనికో కొసరు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లల మీద చేసిన చిన్న పరీక్షలో తేలింది. 2002లో దాన్ని ప్రచురించారు. పులుసు లేనిదే ముద్ద దిగని తెలుగువారికి ఇంతకన్నా తియ్యని శాస్త్రవార్త ఏముంటుంది?

విజయనగరం జాబితా నుంచి పదో తరగతి దాకా

పిల్లల సమస్యను అంకెల్లో పెట్టి నిలదీసిన తొలి తెలుగు సాహిత్య సందర్భం బహుశా గురజాడ 'కన్యాశుల్కం' తొలి కూర్పుకు రాసిన ఇంగ్లీషు ముందుమాట. విజయనగరం మహారాజా విశాఖ జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళకు జాబితా రాయించారు. 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది పసికందులు ముగ్గురు. నాటకం చూసి నవ్వినవాళ్ళలో ఎందరు ఆ ముందుమాట చదివారో గానీ, గిరీశాన్నీ మధురవాణినీ పుట్టించిన కోపం ఎక్కడిదో ఆ జాబితా చెబుతుంది.

అమ్మాయి కనీస వయసును 1929 నాటి శారదా చట్టం 14 ఏళ్ళని రాసింది. 1978లో అది 18 అయింది. 2006 చట్టం బాల్యవివాహాన్ని ఆపే బాధ్యతను అధికారుల మీద పెట్టింది, మైనారిటీ తీరాక రెండేళ్ళ లోపు ఆ పెళ్ళిని రద్దు చేయించుకునే హక్కును పెళ్ళైన బిడ్డకు ఇచ్చింది. అంతా అయ్యాక కూడా, 2019–21 సర్వేలో 20–24 ఏళ్ళ యువతుల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్ళైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ళ పిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో గర్భిణులో. దేశ సగటు 6.8. అక్షరాస్యతలోనూ ఆడవాళ్ళ పొదుపు సంఘాల్లోనూ పేరున్న రాష్ట్రానికి ఈ అంకె శోభనివ్వదు.

కారణాలు అడిగితే వచ్చే జవాబుల్లో పేదరికం ఒకటే ఉండదు. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. ఆటోలో మగపిల్లలుంటారు. వయసు పెరిగితే కట్నం పెరుగుతుంది. మేనమామ సిద్ధంగా ఉన్నాడు, సంబంధం వెతకక్కర్లేదు. 'ఎవరితోనైనా వెళ్ళిపోతే?' అన్నది పైకి చెప్పని అసలు జవాబు. పదో తరగతి పరీక్షలు అయిపోయి కాలేజీలు తెరిచేలోగా వచ్చే వేసవి ముహూర్తాలే అన్నిటికన్నా ప్రమాదకరం. బాల్యవివాహంలోంచి నేరుగా రక్తహీనతలోకి దారి ఉంది: ఎదిగే ఒంటికే చాలని రక్తం కడుపులో బిడ్డకూ పంచాలి, ఆ బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, పట్టీ పసుపులో ఆగుతుంది. మేనరికం అయితే జన్యులోపాల ముప్పు అదనం. తెలంగాణ 2014 అక్టోబరు 2న మొదలుపెట్టిన కల్యాణలక్ష్మికి వధువు వయసు 18 నిండాలన్న షరతు ఉంది. ఆంధ్రప్రదేశ్ 2022లో తన పెళ్ళికానుకకు పదో తరగతి పాసవ్వాలన్న షరతూ కలిపింది. డబ్బు కోసమైనా ఒక ఏడాది ఆగే కుటుంబాలున్నాయి. ఆగిన ఆ ఏడాది అమ్మాయిని చదివిస్తున్నారా, ఇంట్లో కూర్చోబెడుతున్నారా అన్నది మాత్రం ఏ దరఖాస్తులోనూ ఉండదు.

పుట్టకముందు జరిగేదీ ఉంది. సర్వే ముందరి అయిదేళ్ళలో తెలంగాణలో వెయ్యి మంది మగపిల్లలకు పుట్టిన ఆడపిల్లలు 894 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 934. స్కానింగ్ గదిలో లింగం చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. ఆ సంభాషణకు సాక్షులుండరు.

పత్తిపువ్వు, పలక

గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో సీడ్ పత్తి సాగు ఉంటుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక రకం పువ్వుకు మరో రకం పుప్పొడి అంటించాలి. యంత్రం లేదు, ప్రతి పువ్వుకూ చెయ్యి పడాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పట్టుకుని, రేకులూ కేసరాలూ గోటితో ఒలిచి, కీలాగ్రాన్ని మాత్రం ఉంచుతారు. పొద్దున్నే మగపువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. మొక్క ఎత్తు పది పన్నెండేళ్ళ పిల్ల నడుముకు సరిపోతుంది, పెద్దవాళ్ళయితే వంగాలి. వేళ్ళు సన్నగా ఉంటాయి, కూలి తక్కువ, ఎదురు మాట్లాడదు. తండ్రికి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటారు. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పత్తి విత్తన చేలల్లో రెండు లక్షలకు పైగా పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు, పనిచేస్తున్నారని పరిశోధకులు అంచనా వేశారు. పురుగుమందు చల్లిన చేలోనే తిండి, మధ్యాహ్నపు కునుకు. అంతర్జాతీయంగా గొడవ అయ్యాక కంపెనీలు షరతులు పెట్టాయి, పిల్లల సంఖ్య తగ్గింది. పూర్తిగా పోలేదు, చిన్న కమతాల్లో సొంత పిల్లలే దిగుతున్నారు, ఇంటి పనికి చట్టం మినహాయింపు ఉండనే ఉంది.

మార్కాపురం పలకల కథ మరీ వింత. నల్లరాయి కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించే పనిలో ఒకప్పుడు పిల్లలు చాలామంది ఉండేవారు. ఊపిరితిత్తుల్లోకి రాతిపొడి. దేశమంతా పిల్లలు 'అ ఆ' దిద్దిన పలకలు బడి ముఖం చూడని పిల్లల చేతుల మీదుగా వచ్చాయి. పిల్లల్ని అందులోంచి బయటికి తేవడానికి కొన్ని ప్రాజెక్టులు పనిచేశాయి. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు వచ్చి పరిశ్రమే తగ్గిపోవడం ఇంకొంత పని చేసింది.

ఈ రంగంలో తెలుగు నేల దేశానికిచ్చిన ముఖ్యమైన ఆలోచన రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పుట్టింది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో ఏర్పడిన ఫౌండేషన్, 1990ల ఆరంభం నుంచి ఒకే మాట పట్టుకుంది: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే. మేకలు కాసినా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా సరే, ప్రమాదకరమైన పని, కాని పని అన్న తేడా లేదు. పన్నెండేళ్ళు వచ్చాక ఒకటో తరగతిలో కూర్చోలేని పిల్లల కోసం శిబిరాలు పెట్టి, కొన్ని నెలల్లో వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి పంపేవారు. పిల్లల సంపాదన లేకపోతే పేద ఇల్లు గడవదన్న పాత వాదాన్ని, పిల్లల్ని బడికి పంపిన ఆ తల్లిదండ్రులే బద్దలుకొట్టారు. సంస్థకు నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు.

పట్టీకి అందనివి

లైంగిక వేధింపులను లెక్కించడం అన్నిటికన్నా కష్టం. 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం కింద నమోదయ్యే కేసుల్లో, పదింట తొమ్మిదికి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవారే. అందుకే ఫిర్యాదు ఇంట్లోనే ఆగిపోతుంది. హైదరాబాద్‌లో 2016లో వచ్చిన భరోసా కేంద్రం, ఆ తర్వాత పిల్లలకు అనువుగా కట్టిన కోర్టు గది, బిడ్డ తన కథను పోలీసుకోసారి, డాక్టరుకోసారి, లాయరుకోసారి చెప్పే నరకాన్ని కొంత తగ్గించాయి.

చదువు తెచ్చే ఒత్తిడిది తెలుగువారికి ప్రత్యేకమైన చరిత్ర. పొద్దున అయిదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు మళ్ళీ స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష, గోడ మీద ర్యాంకు. ఈ రెసిడెన్షియల్ కాలేజీ నమూనా విజయవాడ, హైదరాబాద్‌లలో పెరిగి దేశమంతా పాకింది. ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2017లో చక్రపాణి కమిటీ ఆత్మహత్యల మీద విచారణ జరిపి పని గంటలు తగ్గించాలన్నాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు సరిదిద్దిన మార్కుల మెమో పిల్ల పోయాక ఇంటికి వస్తే తల్లి దాన్ని ఏం చేసుకుంటుంది? మనసు బాగోలేని పిల్లలూ తల్లిదండ్రులూ ఎప్పుడైనా చేయగల ఉచిత నంబరు ఇప్పుడు ఒకటుంది, టెలీ మానస్ 14416; తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098.

గిరిజనుల ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరే వ్యాసమంత పెద్దది. అల్లూరి జిల్లా కొండల మీద నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకుని దిగే దృశ్యం ఏటా వానాకాలం వార్తల్లోకి వస్తూనే ఉంది. కాన్పుకు కొన్ని వారాల ముందే గర్భిణులను తెచ్చి ఉంచేందుకు 2018లో సాలూరులో పెట్టిన వసతి గృహం దీనికి దొరికిన తెలివైన జవాబుల్లో ఒకటి. రోడ్డు పడే దాకా బిడ్డ ఆగదు కదా.

ఇక వలస. కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, పంట చేతికి రాని ఏళ్ళలో కుటుంబాలు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు వెళతాయి. పాలమూరు కూలీలది అంతకన్నా పాత కథ. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. ముసలివాళ్ళ దగ్గర వదిలిన పిల్లల కోసం ఊళ్ళో సీజనల్ హాస్టళ్ళు, వెంట వచ్చిన పిల్లల కోసం కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే బడులు నడిచాయి. నడిచిన ఏడాది నడిచాయి.

మూడేళ్ళ లోపు బిడ్డను మాత్రం ఏ హాస్టల్లోనూ వదలరు. తల్లి చంకలోనే వెళుతుంది, మిరపచేను గట్టు మీద చీర ఉయ్యాల్లో పడుకుంటుంది, కారపు ఘాటుకు దగ్గుతుంది. కోసిగిలో టీచరు రిజిస్టరులో ఆ బిడ్డ పేరు పక్కన నాలుగు నెలలు గడి ఖాళీ. గుంటూరు జిల్లా ఊళ్ళో ఆ బిడ్డ పేరే లేదు, గుడ్డు లేదు, పొట్లం లేదు. ఇప్పుడు టీచర్ల ఫోన్లోకి వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వెళ్ళిన బిడ్డను కొత్త కేంద్రానికి మార్చే ఏర్పాటు ఉంది. చేను గట్టు నుంచి కేంద్రానికి రెండు మైళ్ళు, కూలి మానుకుని వెళ్ళే తల్లి ఎవరు? ఉగాదికి ఊరు చేరాక, సామాను దించి, ఇల్లు ఊడ్చుకుని, ఎప్పుడో ఒక పొద్దున బిడ్డను ఎత్తుకుని వస్తుంది. టీచరు పట్టీ తీసి జబ్బకు చుడుతుంది.